ఎదురుకాళ్ల పథ్యం

ఉమామహేశ్వరి ఎదురుకాళ్లతో పుట్టింది. తల రావలసిన చోట కాళ్లు ముందొచ్చాయి. ఆ పూట తల్లి ప్రాణం మీదికి వచ్చింది గానీ, టాటానగర్ గోల్‌మురిలోని తెలుగు కూలీల లైన్లకి మాత్రం పండగే అయింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల కాలికి మహిమ ఉంటుందన్న నమ్మకాన్ని, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ రైలెక్కి వచ్చినవాళ్లు మూటాముల్లెతో పాటే మోసుకొచ్చారు. నడుం పట్టేసినవాడు తెల్లారగట్ట, పళ్లు తోముకోకముందు, గడప దగ్గర బోర్లా పడుకోవాలి. ఎదురుకాళ్ల మనిషి ఎడమ కాలితో మూడుసార్లు తొక్కాలి. దాంతో పట్టు వదిలిపోవాలి. వదలకపోతే ఏం చేస్తాడు పాపం, అంతమంది చుట్టూ నిలబడి చూస్తుంటే లేచి నిలబడక ఛస్తాడా.

నడక వచ్చిన నాటి నుంచీ ఉమకి తెల్లవారుజాము నిద్ర అంటే ఏమిటో తెలీదు. బస్తాలు మోసిన నడుములు, కొలిమి ముందు వంగిన నడుములు, సైకిలు తొక్కి తొక్కి బిగిసిన నడుములు గుమ్మం ముందు వరసగా ఉండేవి. మొదట తెలుగువాళ్లే వచ్చేవారు. తర్వాత పక్క లైను బీహారీలు, ఒడియావాళ్లు కూడా "పైర్‌వాలీ బచ్చీ", అంటే కాళ్ల పిల్ల, ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చారు. పిల్ల కళ్లు నులుముకుంటూ వచ్చి, తొక్కి, చేతిలో పెట్టిన జిలేబీ తిని మళ్లీ పడుకునేది. బళ్లో అక్షరాల కన్నా ముందు దానికి అరికాలి కింద నడుములు తెలిశాయి.

పెద్దయ్యాక కటక్ వెళ్లి ఫిజియోథెరపీ చదివింది. తిరిగొచ్చి గోల్‌మురి బజారులో సైకిళ్ల దుకాణం పైన రెండు గదులు తీసుకుని బోర్డు పెట్టింది. ఆటగాళ్ల దెబ్బలు ఆవిడ ప్రత్యేకం. మెలిపడిన మడమలు, వాచిన మోకాళ్లు, జారిన భుజాలు అన్నీ ఆ మెట్లెక్కి వస్తాయి. బోర్డు పెట్టిన రోజే ఒట్టు కూడా పెట్టుకుంది, ఇక జన్మలో ఎవరి మీదా కాలు వెయ్యనని. జనం ఆ ఒట్టుని పట్టించుకుంటే కదా. ఆవిడ చెప్పిన వ్యాయామాలన్నీ బుద్ధిగా విని, పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, "అదంతా సరేనమ్మా, ఒకపాలి కాలెడతావేటి" అని అడిగేవారు. ఉమకి అరికాలి మంట నెత్తికెక్కేది.

అలాంటి ఉమ దగ్గరికి ఒక మధ్యాహ్నం రోహిణి వచ్చింది. రోహిణి ఉమ చిన్నాన్న పైడిబాబు కూతురు. పదిహేడేళ్ల పిల్ల, సిద్ధగోరా మైదానంలో జావెలిన్ విసురుతుంది. జావెలిన్‌ని వాళ్లింట్లో బల్లెం అంటారు. పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది గానీ నోరు విప్పితే హిందీయే వస్తుంది. ఆ రోజు కూడా నడుం ఎడమ పక్కన వేలు పెట్టి, "దీదీ, యహాఁ" అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"దో-తీన్ హఫ్తే." రెండు మూడు వారాలట.

ఉమ పిల్లని ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమంది. కుడికాలి మీద బాగానే వంగింది. ఎడమకాలి మీద సగం వంగేసరికి పెదవి కొరుక్కుని ఆగిపోయింది. ఆ ఆగిపోవడం ఉమ ఎరుగును, అది కండరం ఆగడం కాదు. స్కానింగుకి పంపితే అనుకున్నదే వచ్చింది. వెన్నుపూస వెనకవైపు సన్నటి ఎముకలో చీలిక మొదలైంది. ఇంకా పూర్తిగా విరగలేదు. ఇప్పుడు ఆపితే అతుకుతుంది, ఆపకపోతే బల్లెం పట్టే యోగం పోతుంది.

"కోచ్ చెప్పినన్నే కదా విసురుతున్నావు? మరి ఇంత దాకా ఎందుకొచ్చింది?"

రోహిణి కాసేపు గోడకున్న అస్థిపంజరం బొమ్మ వైపు చూసింది. తర్వాత మెల్లిగా, "పాపా శామ్ కో ఓటీ కరాతే హైఁ" అంది.

నాన్న సాయంత్రం పూట ఓవర్‌టైము చేయిస్తాడట. ఈ ఓటీ సంగతి చెప్పాలంటే పైడిబాబు సంగతి చెప్పాలి. ఆయన కార్ఖానాలో కాంట్రాక్టు మనిషి. ఇరవై ఏళ్లుగా అదే గేటు, అదే పని, అదే తాత్కాలిక పాసు. ఆయన బతుక్కి ఒకటే సిద్ధాంతం, ఓటీ చేసినవాడే పైకొస్తాడని. షిఫ్టు అవగానే ఇంటికి పరిగెత్తేవాడికి పర్మనెంటు రాదు, ఆగి ఇంకో పూట చేసేవాడిని సూపర్‌వైజరు గుర్తుపెట్టుకుంటాడు. ఆయన్ని ఏ సూపర్‌వైజరూ గుర్తుపెట్టుకోలేదు. అయినా సిద్ధాంతం తప్పని ఆయనకి తోచలేదు, తను చేసిన ఓటీయే చాల్లేదనుకున్నాడు. అందుకని కూతురు పొద్దున కోచ్ దగ్గర విసిరి వచ్చాక, సాయంత్రం పని నుంచి వచ్చి స్కూటరుకి బల్లెం కట్టి, పిల్లని వెనక కూర్చోబెట్టుకుని మళ్లీ మైదానానికి పట్టుకెళ్లేవాడు. చీకటి పడి బల్లెం ఎక్కడ గుచ్చుకుందో కనపడనంత వరకూ విసిరించేవాడు. స్టేట్ సెలక్షన్‌లో నెగ్గితే, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. అదీ పర్మనెంటుది. ఆయనకి రాని పర్మనెంటు కూతురికి రావాలి.

ఆ సాయంత్రం ఉమ స్కానింగు ఫిల్ము పట్టుకుని చిన్నాన్న ఇంటికి వెళ్లింది. చెప్పవలసిందంతా చెప్పింది. "మూడు నెలలు బల్లెం ముట్టకూడదు సిన్నాన్నా. నాను సెప్పిన యెక్సర్‌సైజులు సెయ్యాల. ఆ మీద మెల్లిమెల్లిగా మొదలెట్టొచ్చు."

"మూడు వారాల్లో సెలక్షన్ పెట్టుకుని మూడు నెలలంటావేటే."

"మీ మిల్లులో రోలరుకి సీలిక కనపడితే ఏటి సేత్తారు? షట్‌డౌన్ ఇవ్వరా?"

"ఇత్తారు. మిషను కంపెనీది గనక ఇత్తారు. నాకు నడుం నొప్పొచ్చినప్పుడు ఎవుడిచ్చాడు షట్‌డౌన్? బెల్టు బిగించుకుని ఎల్లిపోనాను" అన్నాడు పైడిబాబు. కోపంగా కూడా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

ఈలోపు మూల కూర్చున్న పైడమ్మ అందుకుంది. పైడమ్మ అంటే పైడిబాబు తల్లి, ఈ ఇద్దరు పిల్లలకీ మామ్మ. "సాల్లే ఊరుకోండి ఇద్దరూ. గుంటకి నడుం పట్టీసింది, అంతే. ఇంట్లో ఎదురుకాళ్ల పిల్లని పెట్టుకుని ఈ ఫొటోల గోలేటి? ఉమా, రేపు తెల్లారగట్ల వచ్చి సెల్లి నడుం తొక్కీసి పో."

"తొక్కితే ఆ సీలిక ఇంకా ఎక్కువైపోద్ది మామ్మా. అయినా నాను కాలుతో వైద్యం సెయ్యను. అన్నేళ్లు సదివింది దానికి కాదు."

"సదువుకుంటే కాలు మారిపోద్దేటి?"

ఉమ ఫిల్ము చుట్టుకుని లేచింది. తలుపు విసురుగా వేసి మరీ వెళ్లింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఉమ రచ్చ గెలిచింది, ఊళ్లో ఫుట్‌బాలు ఆడే కుర్రాళ్లంతా ఆవిడ గీసిన గీటు దాటరు. ఇంట్లో మాత్రం ఆవిడ డిగ్రీ అంతా కలిపినా ఎడమ కాలి చిటికెన వేలికి సరిపోదు. స్కూటీ మీద ఇల్లు చేరేదాకా ఉడికిపోతూనే ఉంది.

శనివారం సాయంత్రం రోహిణి ఫోను చేసింది. గొంతు తగ్గించి, రేపు పొద్దున అప్పలసూరి తాత వస్తున్నాడని హిందీలో చెప్పింది. అప్పలసూరి టాటానగర్ స్టేషన్ దగ్గరుంటాడు, రైల్వేలో చేసి రిటైరైనవాడు. అతనూ ఎదురుకాళ్లవాడే. కాకపోతే ఉమలా జిలేబీ తిని పడుకునే పిల్ల కాదు, తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రాని మనిషి. అంత బరువు, ఆ చీలిక మీద. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, సరిగ్గా అదే.

"నువ్వే వద్దని సెప్పొచ్చు కదే" అంది ఉమ.

రోహిణి, ఎప్పుడూ లేనిది, తెలుగులో అంది. "నాన్నకి నాను ఎలా సెప్పేది."

ఆదివారం తెల్లారకముందే ఉమ సిద్ధగోరాలో చిన్నాన్న ఇల్లు చేరింది. గుమ్మం ముందు నీళ్లు చల్లి ఉన్నాయి. రోహిణి గడప దగ్గర అప్పటికే బోర్లా పడుకుని ఉంది. పైడిబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉమ చెప్పులు విప్పింది.

"పరాయి కాలు దేనికి మామ్మా, నాను లేనేటి?"

పైడమ్మ మొహం చేటంత అయింది. ఉమ గుమ్మానికి అటూ ఇటూ రెండు చేతులూ ఆనించి గట్టిగా పట్టుకుంది. ఒంటి బరువంతా కుడికాలి మీద, చేతుల మీద వేసుకుంది. ఎడమ అరికాలు చెల్లెలి నడుం మీద ఆనించింది. పెట్టుకున్న ఒట్టు అక్కడితో తప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కాలికి ఏదీ మరుపు రాలేదు. ఎడమ పక్క కండరం మోకులా బిగిసి ఉంది, లోపలి దెబ్బని కాచుకుంటూ.

"గట్టిగా తొక్కవే" అంది పైడమ్మ.

"మహిమ బరువులో ఉంటాదేటి మామ్మా."

మూడుసార్లు ఆనించి తీసింది. కాలు దించి, గుమ్మం వదలకుండానే చెప్పింది. "తొక్కించుకున్నాక పథ్యం ఉంది. మండలం పాటు సెయ్యి భుజం దాటి ఎత్తకూడదు. బల్లెం ముట్టకూడదు, బరువు మొయ్యకూడదు. పొద్దున్నా సాయంత్రం నాను సెప్పినట్టు నేల మీద పడుకుని కాళ్లూ పొట్టా బిగించాల. పథ్యం తప్పితే ఆ పట్టు తొక్కినోళ్లకి వచ్చీసుద్ది."

పైడమ్మ ఉమ నడుం వైపు భయంగా చూసింది. పైడిబాబు మాత్రం కళ్లు చిట్లించాడు. "సిన్నప్పట్నించీ నువ్వు తొక్కడం సూత్తన్నాను. ఎన్నడూ లేని పథ్యం ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

అప్పటికి అప్పలసూరి వచ్చి సందులో నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. అతను గడప దగ్గరున్న పిల్లని చూశాడు. ఇంకా గుమ్మాన్నే పట్టుకుని తెల్లబడిన ఉమ వేళ్లు చూశాడు. వయసంతా ఇతరుల నడుముల మీద నిలబడ్డవాడు, బరువు ఎక్కడ వేశారో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఉంది" అన్నాడు అప్పలసూరి. "గట్టి పట్టుకి ఆ పథ్యం ఉంది. అది మా ఎదురుకాళ్లోళ్లకే తెల్సు, మీకు తెల్దు."

ఇద్దరు ఎదురుకాళ్లవాళ్లు ఒకే మాట చెప్పాక ఇక పైడిబాబు ఏం చెయ్యగలడు. బల్లెం తీసి వసారా వాసాలకున్న కొక్కేల మీద పెట్టేశాడు.

సందు చివర ఉమ అప్పలసూరిని ఆపింది. ఎందుకలా చెప్పావని అడగబోయి, అతను కుంటడం చూసి, "తాతా, ఆ మోకాలికేటి?" అంది.

"ఏటుంటాది. ఇన్నేళ్లు పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడి తొక్కితే ఆ కాలు అరిగిపోదా. నా కాలు నాకే తొక్కుకుందునంటే అందదు గదమ్మా."

సోమవారం అతను సైకిళ్ల దుకాణం పక్క మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చాడు. ఉమ చెప్పిన వ్యాయామాలన్నీ చేశాడు. చివర్లో చెప్పులు తొడుక్కుంటూ కాలెడతావా అని అడగని మొదటి తెలుగువాడు అతనే.

సెలక్షన్ రోజు వచ్చింది, పోయింది. పైడిబాబు సెలవు పెట్టి ఒక్కడే మైదానానికి వెళ్లి కూర్చుని చూశాడు. ఇంటికొచ్చి, నెగ్గిన పిల్ల విసిరిన దూరం మన పిల్ల ఓటీలో అలసిపోయి విసిరే దూరం కన్నా తక్కువేనని చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఉమతో మాట్లాడ్డం మానేశాడు. ఉమకి బాధగానే ఉండేది, కానీ పిల్ల నడుం తలుచుకుని ఊరుకునేది.

పథ్యం బాగా సాగింది. పైడమ్మ కాపలా అలాంటిది మరి. పిల్ల ఆరేసిన బట్టలు తియ్యడానికి చెయ్యెత్తినా "మీ అప్ప నడుం పోతాదే" అని అరిచేది. కొన్ని వారాలకి నొప్పి తగ్గింది, ఆ తర్వాత పూర్తిగా పోయింది. ఇంట్లో అందరూ ఎడమ కాలి మహిమ అనుకున్నారు.

అసలు తిరకాసు అక్కడే ఉంది. నొప్పి ముందు పోతుంది, ఎముక తర్వాత అతుకుతుంది. ఆ మధ్యలో ఉన్న రోజుల్లోనే ఆటగాళ్లు చెడిపోతారు. ఆ పూట తెలివిగా మూడు నెలలు అనవలసిన ఉమ, నోటికి అలవాటైన మాట కదాని మండలం అనేసింది. మొక్కు మొక్కినా మండలమే, మందు తిన్నా మండలమే మనకి. ఎముకకి ఆ లెక్క ఎవరు చెప్పారు? నలభై రోజులూ గడిచేనాటికి ఇంకా అంతకన్నా ఎక్కువే కావాలి. ఇప్పుడు కొత్త పథ్యం పుట్టిస్తే పైడిబాబు నమ్మడు. పైగా రాంచీలో ఇంకో మీట్ పడింది. ఉద్యోగాలిచ్చేవాళ్లు చూడ్డానికి వస్తారని కోచ్ కబురు చేశాడు. అది సరిగ్గా పథ్యం తీరిన మరుసటి ఆదివారం.

ఉమ రోహిణిని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇంకా అతకలేదు. ఇప్పుడు ఇసిరితే మొదటి కన్నా పెద్ద దెబ్బ తగులుద్ది."

రోహిణి లేచి ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగి చూపించింది. ఎక్కడా ఆగలేదు. "దేఖో, కుఛ్ నహీఁ హోతా. బస్ ఏక్ మీట్, దీదీ." ఏమీ అవదట, ఒక్క పోటీయేనట. కళ్లలో నీళ్లున్నాయి. ఒక సెలక్షన్ పోగొట్టుకున్న పిల్ల, రెండోది పోగొట్టుకోమంటే ఎవరికి మాత్రం మనసొస్తుంది.

"నొప్పి లేకపోవడం నయమవడం కాదే. నాను ఒకపాలి అబద్ధం ఆడీసాను, మళ్లీ ఆడితే మీ నాన్న నమ్మడు. ఇంక నా సేతిలో ఏటీ లేదు."

పిల్ల మెట్లు దిగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఉమ కిటికీ దగ్గర నిలబడింది. చూడలేదు.

మండలం తీరిన మర్నాడు తెల్లవారేసరికి ఉమ చిన్నాన్న ఇంటి ముందుంది. నిజం చెప్పేద్దామనే వచ్చింది. అసలు తొక్కనే లేదనీ, పథ్యం తన కల్పనేననీ, తిడితే పడదామనీ. పైడమ్మ బూరెలు వండింది, సందంతా నెయ్యి వాసన. పైడిబాబు కొక్కేల మీంచి బల్లెం దించి, నూనె గుడ్డతో ఆ కొస నుంచి ఈ కొస దాకా తుడిచి, స్కూటరుకి తాడుతో కడుతున్నాడు. నెలన్నర తర్వాత ఉమని చూసి నవ్వాడు.

"రా అమ్మా. నీ కాలు సల్లగుండ. ఇయాల నాలుగు ఇసిర్లు ఇసిరించి, ఆదివారం రాంచీ ఎల్లిపోతాం."

ఆ నవ్వు చూసేసరికి ఉమ "సిన్నాన్నా" అని ఆగిపోయింది.

అప్పుడే రోహిణి బయటికి వచ్చింది. ట్రాక్ ప్యాంటు వేసుకుంది. జడ బిగించి కట్టింది. చేతిలో బూట్లున్నాయి. స్కూటరు దగ్గరికి వెళ్లి, తాడుతో బిగించిన బల్లెం వైపు కాసేపు చూసింది. ముట్టుకోవడానికి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. తిరిగొచ్చి బూట్లు గోడ వారగా పెట్టింది. గడప దగ్గర బోర్లా పడుకుంది.

"ఏటే" అన్నాడు పైడిబాబు.

"ఇంకా నొప్పెడతంది నాన్నా" అంది రోహిణి. తెలుగులో అంది. "దీదీ మళ్లీ తొక్కాల."

"నిన్న లేదన్నావు గదే."

"ఉంది."

పైడిబాబు తాడు చివర చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇరవై ఏళ్లు బెల్టు కింద నొప్పిని బిగించుకుని తిరిగినవాడు. నొప్పెడుతోందన్న మాట ఆ ఇంట్లో ఆయన నోట ఎవరూ వినలేదు. ఇప్పుడు కూతురు నోట విన్నాడు. చాలాసేపటి తర్వాత కిందికి వంగి ముడులు విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా వేసిన ముడులు, ఒకపట్టాన రాలేదు.

ఉమ చెప్పులు విప్పింది. గుమ్మం రెండు పక్కలా పట్టుకుంది. ఎడమ కాలు ఆనించింది. నడుం మెత్తగా ఉంది, పట్టన్నది ఎక్కడా లేదు. వీపు మాత్రం చప్పుడు లేకుండా ఎగిరెగిరి పడుతోంది. ఉమ కాలు తియ్యకుండా అది కాస్త నెమ్మదించేదాకా అలాగే ఉంచింది.

"మళ్లీ మండలమేనా?" అడిగింది పైడమ్మ.

"రెండు మండలాలు మామ్మా" అంది ఉమ.

పైడిబాబు బల్లెం కొక్కేల మీద పెట్టి వచ్చి కూతురి తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"బాగా నొప్పెడతందా అమ్మా?"

రోహిణి నేల మీంచి మొహం ఎత్తలేదు. "బాగా" అంది.